పేరు చెప్పని యాప్‌కు అనుమతి ఎందుకు ఇవ్వాలి?

టికెట్టు తనిఖీ చేసే ఉద్యోగి రొమ్ము మీద పేరు పలక లేకుండా బండి ఎక్కరాదు. ఆ పేరు చదివే హక్కు ప్రయాణికునికి ఉన్నది. చదివి, వ్రాసుకొని, పై అధికారికి ఫిర్యాదు చేసే హక్కు కూడా ఉన్నది. బట్వాడాకు వెళ్ళిన పోస్టుమన్ గుమ్మం ముందు నిలబడి తానెవరో చెప్పవలసిందే. స్పీడ్ పోస్టు కవరు ఎవరి చేతిలో పెడుతున్నాడో తేల్చుకొనవలసిందే. ఈ నిబంధనలను మన సంఘాలు వ్యతిరేకించడం లేదు. ప్రజలతో వ్యవహరించేవాడు తన పేరు దాచుకొనరాదన్నది న్యాయమైన సూత్రం. కాని అదే ఉద్యోగి జేబులోని ఫోనులోనికి, బల్ల మీది కంప్యూటరులోనికి వచ్చి కూర్చొని, అతడు ఎక్కడ తిరుగుతున్నాడో, ఎవరి నంబర్లు దాచుకున్నాడో, ఏ సందేశాలు అందుకున్నాడో చూడగల యాప్‌లకు మాత్రం ఈ సూత్రం వర్తించదట! వాటికి పేరు పలక అక్కరలేదు. అవి ఎవరివని అడిగినవాడు మాత్రం క్రమశిక్షణ లేనివాడు.

ఫోనులో సెట్టింగ్స్ తెరచి, ప్రైవసీ అన్న చోటికి పోయి, అనుమతుల పట్టిక చూడండి. లొకేషన్, కెమెరా, మైకు, కాంటాక్ట్స్, ఎస్.ఎం.ఎస్. – ఒక్కొక్క దాని క్రింద, దానిని వాడుకొనేందుకు మీరు 'అనుమతించిన' యాప్‌ల జాబితా ఉంటుంది. ఆ జాబితాలోని ప్రతి పేరూ ఎవరిదో, ఎవరు తయారు చేసినదో, ఏ అధికారి ఏ ఉత్తర్వు మేరకు మీ ఫోనులో పెట్టించినదో మీరు చెప్పగలరా? శాఖా సమావేశాలలో మేము ఈ ప్రశ్న వేసి చూశాము. వాట్సాప్, యూట్యూబ్, బ్యాంకు యాప్ వరకు అందరూ చెప్పగలిగారు. ఆ తరువాత వచ్చే మూడు నాలుగు ఇంగ్లీషు పొడి అక్షరాల పేర్ల దగ్గర ఆగిపోయారు. 'ఆఫీసులో వేసుకోమన్నారు, వేసుకున్నాము' అన్నదే అక్కడ సమాధానం.

'ఇది సాంకేతిక విషయం గదా. జీతాలు, పింఛన్లు, ఖాళీల భర్తీ వదిలిపెట్టి యూనియన్ ఫోను సెట్టింగుల వెంట పడడం ఎందుకు?' అని మన మిత్రులు కొందరు అంటున్నారు. అడగవలసిన ప్రశ్నే. హాజరు పట్టీ కాగితం మీద ఉన్నంతకాలం అందులో ఏమి వ్రాసి ఉన్నదో మన కంటికి కనపడేది. ఆలస్యమైతే ఎర్ర సిరాతో గీత పడేది. గీత గీసినవాని పొడి సంతకం ప్రక్కనే ఉండేది. నేడు హాజరు యాప్‌లో, బట్వాడా యాప్‌లో, సెలవు యాప్‌లో. గీత ఎవరు గీశారో, ఎక్కడ గీశారో తెలియదు. రేపు చార్జిషీటు వస్తే దానికి జతపరచే సాక్ష్యం ఆ యాప్ నుంచే వస్తుంది. సాక్షి ఎవరో తెలియకుండా శాఖాపరమైన విచారణలో ఎదురు ప్రశ్నలు వేయడం ఎట్లు? ఇది ఉద్యోగ భద్రతకు సంబంధించని విషయమని ఎవరైనా అనగలరా?

రైల్వే సోదరులకు టోకెను సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నేడు అనేక సెక్షన్లలో టోకెను లేని పద్ధతి వచ్చినప్పటికీ, ఒంటి లైను మీద బాల్ టోకెను పుచ్చుకొని బండి నడిపినవారు మనలో ఇంకా ఉన్నారు. ఆ గుండు మీద అది ఏ రెండు స్టేషన్ల మధ్యకు చెల్లుతుందో చెక్కి ఉంటుంది. డ్రైవరు దానిని చేతిలోకి తీసుకొని, తాను ప్రవేశించబోయే సెక్షనుదేనని చదివి చూచుకున్న తరువాతనే బండి కదలాలి. వేరొక సెక్షను టోకెను చేతికి వచ్చినచో బండి కదపరాదు. 'స్టేషను మాస్టరుగారే ఇచ్చారు గదా, చూడవలసిన పనేమి?' అని కదిపినవాడు శిక్షార్హుడు. ఇనుప గుండు విషయంలో చదివి చూచుకొమ్మని నిబంధన వ్రాసిన వ్యవస్థ, చేతి ఫోను విషయంలో చదవకుండా నొక్కమంటున్నది. పేరు సరిచూచుకొనడం అక్కడ విధి, ఇక్కడ నేరం!

ఇక అసలు పట్టికలోని లోపాలకు వద్దాము. ఇవి కేవలం మన అధికారుల పుణ్యం కావు. కంపెనీల పుణ్యం కూడా ఉన్నది.

ఆండ్రాయిడ్ ఫోనులో అనుమతుల పట్టికలో కనిపించేది ఒక బొమ్మ, ఒక పేరు. ఆ బొమ్మను, ఆ పేరును ఎంచుకొనేది యాప్ తయారు చేసినవాడే. ఒకే పేరు, ఒకే బొమ్మ ఉన్న రెండు యాప్‌లు ఒకే ఫోనులో ప్రక్కప్రక్కన ఉండడానికి అడ్డంకి ఏదీ లేదు. ఫోను తన లోపలి లెక్కలలో ఒక యాప్‌ను మరొకదాని నుంచి వేరుపరచేది ప్యాకేజీ పేరు అనే వేరొక గుర్తుతో. అది ఒక్కొక్క యాప్‌కు ఒక్కటే ఉంటుంది. కాని మీరు 'అనుమతించు' అని నొక్కే చోట ఆ గుర్తు కనపడదు. తయారీదారు పేరు కూడా కనపడదు. అంటే యంత్రానికి తెలిసిన అసలు పేరు యజమానికి తెలియదు. ఫోను కొన్నది మనము, నెలనెలా రీచార్జి చేయించేది మనము, లోపల ఎవరున్నారో ఆధారపడదగిన గుర్తింపు మాత్రం యంత్రం తన దగ్గరే అట్టిపెట్టుకొంటుంది.

కంప్యూటరు సంగతి ఇంకా విచిత్రం. మన కౌంటర్లలో, కార్యాలయాలలో విండోస్‌తో నడిచే యంత్రాలు ఎన్నో ఉన్నవి. అందులో ప్రైవసీ సెట్టింగులలో కెమెరా పేజీ తెరవండి. మైక్రోసాఫ్ట్ స్టోరు నుంచి వచ్చిన యాప్‌లకు ఒక్కొక్కదానికీ విడివిడిగా మీట ఉన్నది. డెస్క్‌టాప్ యాప్‌లు అనబడే తక్కిన ప్రోగ్రాములన్నింటికీ కలిపి ఒకటే మీట. ఒకదానికి ఇస్తే అన్నింటికీ ఇచ్చినట్లు. ఒకదానిని ఆపవలెనంటే అన్నింటినీ ఆపాలి. ఆ జాబితాలో కనిపించని డెస్క్‌టాప్ ప్రోగ్రాములు కూడా ఉండవచ్చునని, ఆ మీటకు లోబడనివి కూడా ఉండవచ్చునని ఆ కంపెనీయే తన సహాయ పత్రాలలో చెబుతున్నది. విండోస్ 10 నాటి నుంచి ఉన్న ఏర్పాటు ఇది. మన కార్యాలయాలలో శాఖల పని కొరకు ఎక్కించే ప్రోగ్రాములు, మరమ్మతు కంపెనీవారు దూరాన కూర్చొని మన తెరను చూడడానికి ఎక్కించే ప్రోగ్రాములు చాలావరకు ఈ రెండవ జాతికి చెందినవే. అసలు జాగ్రత్తగా చూడవలసిన వాటికే విడి మీట లేదన్నమాట.

వెబ్ పోర్టల్ ద్వారా జరిగే పని మరొక గందరగోళం. బ్రౌజరులో ఏదో ఒక సైటుకు కెమెరా వాడుకొనే అనుమతి ఇచ్చినప్పుడు విండోస్ పట్టికలో కనిపించేది బ్రౌజరు పేరు మాత్రమే. ఏ సైటు అన్నది చూడవలెనంటే బ్రౌజరు లోపలి సెట్టింగులలో మరల వెదకాలి. సార్టింగ్ కేసులో ఉత్తరాలన్నీ 'హైదరాబాదు' అన్న ఒకే గడిలో పడవేసి, పేట పేరు అడిగితే నగరమంతా వెదుక్కొమ్మన్నట్లున్నది. అటువంటి సార్టరును మన సూపర్‌వైజర్లు ఒక్క పూట భరిస్తారా?

ఇవి మార్చరాని ప్రకృతి ధర్మాలేమీ కావు. 2015లో ఆండ్రాయిడ్ ఆరవ సంచిక వచ్చేవరకు, యాప్ వేసుకొనేటప్పుడే అది అడిగిన అనుమతులన్నీ మూకుమ్మడిగా ఇవ్వాలి. లేనిచో యాప్ వద్దనుకోవాలి. ఆనాడు అదే సహజమన్నారు. తరువాత ఒక్కొక్క అనుమతిని అవసరం వచ్చినప్పుడు విడిగా అడిగే పద్ధతి వచ్చినది. 2019లో 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' లొకేషన్ ఇచ్చే వీలు, 2020లో 'ఈ ఒక్కసారికే' ఇచ్చే వీలు, 2021లో మైకుగాని కెమెరాగాని పనిచేస్తుంటే తెర మూలన పచ్చని గుర్తు వచ్చినవి. ఐఫోనులోనైతే ఎందుకు అడుగుతున్నదో ఒక వాక్యంలో చెప్పనిదే యాప్ కెమెరాను ముట్టుకొనరాదు. ఆపిల్ కంప్యూటర్లలో 2018 నుంచి కెమెరాకు, మైకుకు ఒక్కొక్క ప్రోగ్రాము విడిగా అనుమతి అడుగుతున్నది. అక్కడ సాధ్యమైనది మన కౌంటరు కంప్యూటరులో అసాధ్యమెట్లు అవుతుంది? అలాగని ఆపిల్ దొరలను ఆకాశానికెత్తవలసిన పని లేదు. 2022లో వారు తెచ్చిన సంచికలో, తెర వెనుక నడిచే ప్రోగ్రాముల పట్టికలో కొన్నింటికి యాప్ పేరు బదులు దానిని తయారు చేసిన మనిషి పేరో, కంపెనీ పేరో వచ్చి కూర్చున్నది. ముక్కు ముఖం తెలియని వ్యక్తి పేరు తన యంత్రంలో చూచి జనం బెంబేలెత్తారు. పేరు వేయడం వేరు, గుర్తుపట్టగల పేరు వేయడం వేరు.

ఇప్పుడు ప్రభుత్వం వైపు చూద్దాము. 2020 ఏప్రిల్ 29న కేంద్ర ప్రభుత్వోద్యోగులందరూ ఆరోగ్య సేతు యాప్ వెంటనే వేసుకొనవలెనని, కార్యాలయానికి బయలుదేరే ముందు అందులో తమ స్థితి చూచుకొనవలెనని సిబ్బంది వ్యవహారాల శాఖ ఉత్తర్వు వచ్చినది. అది బ్లూటూత్, లొకేషన్ రెండూ అడిగినది. మహమ్మారి కాలం, ప్రాణాలు పోతున్న వేళ, ఆ ఉద్దేశాన్ని మేము ఇక్కడ చర్చించడం లేదు. మా ప్రశ్న ఒక్కటే. అదే ఏడాది ఒక పౌరుడు సమాచార హక్కు చట్టం క్రింద ఈ యాప్‌ను ఎవరు తయారు చేశారని అడిగితే, సంబంధిత కార్యాలయాలు తమ వద్ద సమాచారం లేదని ఒకరి మీద ఒకరు త్రోసుకున్నవి. అక్టోబరులో కేంద్ర సమాచార కమిషను ఆగ్రహించి నోటీసులు ఇచ్చినది. ఆ తరువాత, ప్రభుత్వ ప్రైవేటు నిపుణులు కలిసి తయారు చేశారని ప్రభుత్వం వివరణ ఇచ్చినది. లక్షలాది ఉద్యోగులకు వేసుకొమ్మని ఉత్తర్వు ఇచ్చిన ఆరు నెలల తరువాత కూడా, దానిని ఎవరు చేశారో చెప్పవలసిన కార్యాలయాలు చెప్పలేకపోయినవి. దేశంలోకెల్లా పేరుమోసిన యాప్ సంగతే ఇట్లున్నప్పుడు, ఒక డివిజను కార్యాలయంలో ఒక కాంట్రాక్టరు చేత వ్రాయించి వాట్సాప్ గ్రూపులో పడవేసిన యాప్ ఊరూ పేరూ ఎవరికి తెలుస్తుంది?

2025 నవంబరు 28న టెలికమ్యూనికేషన్ల శాఖ, దేశంలో అమ్మే కొత్త ఫోనులన్నింటిలో సంచార్ సాథీ యాప్ ముందే ఎక్కించి పంపవలెనని తయారీ కంపెనీలను ఆదేశించినది. పౌర సంఘాలు, ప్రతిపక్షాలు నిరసించగా డిసెంబరు 3న ఆ నిర్బంధాన్ని ఉపసంహరించుకున్నది. పోయిన ఫోనును వెదకిపెట్టే యాప్ మంచిదే కావచ్చు. మంచిదైతే మనిషి తనంత తానే వేసుకొంటాడు. ఐదు రోజులలో వెనక్కు తీసుకున్నారంటే, గట్టిగా అడిగితే వెనక్కు తీసుకొంటారన్నది కూడా రుజువైనది.

నకిలీ యాప్‌ల బెడద ఈ వ్యవహారానికి మరో ముఖం. ట్రాఫిక్ చలానా అని, పెండ్లి శుభలేఖ అని, పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ అని వాట్సాప్‌లో ఒక ఎ.పి.కె. ఫైలు వస్తుంది. నొక్కితే ప్రభుత్వ చిహ్నంతో యాప్ తయారవుతుంది. ఎస్.ఎం.ఎస్. చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే బ్యాంకు ఒ.టి.పి. దొంగ చేతికి పోతుంది. పదవీ విరమణ చేసిన మన పెద్దలు జీవితకాలపు గ్రాట్యుటీ ఒక్క పూటలో పోగొట్టుకొని యూనియన్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నప్పుడు మేము ఏమని ఓదార్చాలి? తపాలా శాఖ పేరు చెప్పి 'మీ పార్సిలు చిరునామా సరిగా లేదు' అంటూ వచ్చే దొంగ సందేశాల మీద ప్రభుత్వ సమాచార సంస్థ హెచ్చరికలు చేసినది. అయినా బాధితుడు మొదట నిలదీసేది కౌంటరులో కూర్చున్న మన సోదరినే.

'ఎ.పి.కె. ఫైళ్ళు వేసుకొనవద్దు, తెలియని లింకులు నొక్కవద్దు' అని పోస్టర్లు అంటించేది ఎవరు? అధికారులే. అదే సమయంలో వాట్సాప్ గ్రూపులో లింకు పంపి, 'సాయంత్రం ఐదు గంటలలోగా అందరూ వేసుకొని స్క్రీన్‌షాట్ పెట్టవలెను, పెట్టని వారి పేర్లు పైకి పంపబడును' అని వ్రాసేది ఎవరు? కొన్ని కార్యాలయాలలో ఆ అధికారులే. పేరు చూడకుండా నొక్కే అలవాటు ఉద్యోగికి నేర్పినది వారు. దొంగవాడు ఆ అలవాటును వాడుకొంటున్నాడు. ఇంటికి వచ్చినవాడు పోలీసు దుస్తులలో ఉన్నా గుర్తింపు కార్డు అడగమని ప్రజలకు చెప్పి, తాము మాత్రం కార్డు లేకుండా ఇళ్ళలోకి జొరబడే పోలీసుల వంటిది ఈ ప్రవర్తన.

యాజమాన్యం వారి సమాధానం మాకు తెలుసు. 'యంత్రం శాఖది, పని వేళ శాఖది, చూచే హక్కు శాఖది' అంటారు. కొంత నిజం ఉన్నది. శాఖ ఇచ్చిన పరికరంలో శాఖ పని యాప్ ఉండడాన్ని మేము కాదనము. రాత్రి గస్తీ తిరిగే ట్రాక్‌మన్ చేతిలో జి.పి.ఎస్. పరికరం ఉంటే, పట్టా విరిగిన చోటును చెప్పడానికి, అతనికే ఆపద వస్తే వెదకడానికి ఉపయోగమే. ఆ పరికరం ఏమిటో, ఏమి చూస్తుందో, ఎప్పుడు ఆగుతుందో అతనికి తెలుసు. డ్యూటీ దిగి అప్పగించి పోతాడు. సొంత ఫోనులోని యాప్‌ను ఎవరికి అప్పగించి పోవాలి? తక్కువ భృతితో నెట్టుకొస్తున్న గ్రామీణ డాక్ సేవక్ తన పిల్లల చదువు కొరకు కొన్న ఫోనులో, తన రీచార్జితో, 'ఎల్లవేళలా' లొకేషన్ అడిగే యాప్ పెట్టుకొనవలెనన్నచో, అతడు పొలానికి పోయినప్పుడు, ఆసుపత్రికి పోయినప్పుడు, యూనియన్ సమావేశానికి పోయినప్పుడు కూడా అది చూస్తూనే ఉంటుంది. చివరిదే కొందరికి ముఖ్యమని మా అనుమానం. అనుమానం తప్పని రుజువు చేయడం కష్టమేమీ కాదు: 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్న అనుమతితో పనిచేసేటట్లు యాప్ వ్రాయించండి.

ఇక చట్టం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం వచ్చినది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలని అందులో ఉన్నది. సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో కూడా చదువుకొనే వీలు కల్పించాలన్నది. అందులో తెలుగు ఉన్నది. ఖరగ్‌పూరులో, షోలాపూరులో, చెన్నైలో పనిచేసే మన తెలుగు ట్రాక్‌మన్‌లకు ఇది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. నియమాలు 2025 నవంబరులో వెలువడినవి. ప్రధాన బాధ్యతలు పదునెనిమిది నెలల తరువాత అమలులోనికి వస్తాయని వాటిలోనే వ్రాసుకున్నారు.

ఇంతవరకు చదివి సంతోషించనక్కరలేదు. అదే చట్టం ఏడవ సెక్షను చూడండి. ఉద్యోగానికి సంబంధించిన అవసరాల కొరకు, యజమానిని నష్టం నుంచి కాపాడుకొనే అవసరాల కొరకు అయితే సమ్మతి లేకుండానే డేటాను వాడుకొనవచ్చునట. సమ్మతి అక్కరలేని చోట సమ్మతి నోటీసు కూడా అక్కరలేదు. అంటే బజారులో బిస్కట్లు కొనే పౌరునికి ఉన్న రక్షణ, కార్యాలయం గడప దాటగానే ఉద్యోగికి కరగిపోతుంది. ఈ రంధ్రం పొరపాటున పడినది కాదు. చట్టం మూసిన తలుపును మన సమష్టి ఒప్పందమే తెరవాలి. అనుమతుల పట్టికలో స్పష్టమైన గుర్తింపు కావాలన్న కోరిక అందువల్లనే చిన్న కోరిక కాదు. వద్దనే హక్కు లేనివానికి, కనీసం ఎవరు చూస్తున్నారో తెలుసుకొనే హక్కు మిగలాలి.

తపాలా ఉద్యోగికి గోప్యత పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు. పరుల ఉత్తరం విప్పిన తపాలా ఉద్యోగికి శిక్ష విధించినది 1898 నాటి చట్టం. 1986లో ఉత్తరాలను ఆపి చూచే అధికారాన్ని విస్తరిస్తూ పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకం చేయక అట్టిపెట్టారు. చివరకు 2002లో ఆ బిల్లును ఉపసంహరించుకున్నారు. కొత్త పోస్టాఫీసు చట్టం 2024 జూను 18న అమలులోనికి వచ్చి, తొమ్మిదవ సెక్షనులో ఆ అధికారాన్ని మరల పొందుపరచుకున్నది. అది వేరే పోరాటం. మరొక సంచికలో వ్రాస్తాము. కాని తరతరాలుగా ఇతరుల రహస్యాలను సీలు చెదరకుండా మోసినవాని సొంత జేబుకు సీలు లేకపోవడం ఎంత అవమానకరం!

మేము అడుగుతున్నది ఇది. ఉద్యోగి చేత వేయించే ప్రతి యాప్‌కు వ్రాతపూర్వకమైన ఉత్తర్వు, నంబరు, తేదీ ఉండాలి. ఫోనులోగాని, కంప్యూటరులోగాని అనుమతుల పట్టికలో అది కనిపించే పేరేమిటో, దాని ప్యాకేజీ పేరేమిటో, తయారు చేసిన కాంట్రాక్టరు ఎవరో, ఏ అనుమతి ఎందుకు కావాలో, సమాచారం ఎక్కడ ఎంతకాలం ఉంటుందో ఆ ఉత్తర్వులోనే తెలుగులో, లేదా ఆ ఉద్యోగి చదవగల భాషలో ఉండాలి. ఉత్తర్వులోని పేరు, పట్టికలోని పేరు ఒకటి కాకపోతే వేసుకొననక్కరలేదని స్పష్టం చేయాలి. శాఖ పేరుతో ఉన్న యాప్‌ల పూర్తి జాబితాను శాఖ ప్రకటించి ఎప్పటికప్పుడు సవరించాలి. నకిలీలను పట్టుకొనడానికి అంతకన్న చవకైన మార్గం లేదు. సొంత ఫోను వాడుమన్నచో భత్యం ఇవ్వాలి, లేదా పరికరం ఇవ్వాలి. కంపెనీలతో మనకు ముఖాముఖి బేరం లేదు. కాని వారి దగ్గర పెద్దయెత్తున కొనే ఖాతాదారు మన ప్రభుత్వం. ప్రతి ప్రోగ్రాముకు విడి మీట, తయారీదారు పేరు పట్టికలోనే కనిపించడం అన్న షరతులు టెండరులో వ్రాస్తే, కంపెనీలు తమకు తామే దారికి వస్తాయి.

ఈ లోగా చేయవలసినది ఉన్నది. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి మూడవ నియమం చదవండి. పై అధికారి ఆదేశం సాధారణంగా వ్రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాటగా ఇస్తే వెంటనే వ్రాతలో ధ్రువపరచాలి. ధ్రువపరచమని అడగడం క్రింది ఉద్యోగి పని, ధ్రువపరచడం అధికారి విధి. రైల్వే ఉద్యోగుల 1966 నాటి నియమావళిలో కూడా ఇటువంటి నిబంధనే ఉన్నది. కనుక 'వేసుకోను' అని ఒంటరిగా మొండికేయవద్దు. 'అయ్యా, ఈ యాప్ విషయమై తమ ఆదేశాన్ని వ్రాతలో దయచేయగలరు' అని రెండు పంక్తులు వ్రాసి ఇచ్చి, నకలు మీద సంతకం పుచ్చుకొనండి. అడిగినవానిని నిబంధనే కాపాడుతుంది. వ్రాతలో ఇవ్వడానికి వెనుకాడే అధికారి, ఆ యాప్ పేరు తనకు కూడా తెలియదని ఒప్పుకున్నట్లే.

మనలోనే ఒక ధోరణి ఉన్నది. దానిని దాచుకొనడం వల్ల లాభం లేదు. 'ఎందుకీ రభస? అనుమతించు అని నొక్కితే పోయె గదా, మనకు దాచవలసినదేముంది?' అనే శాఖా నాయకులు ఉన్నారు. వారిని ఒక్కటే అడుగుతాము. మీ కాంటాక్ట్స్‌లో ఉన్న ఐదువందల సభ్యుల నంబర్లు మీ సొత్తా? రేపు సమ్మె నోటీసు ఇచ్చిన మరునాడు ఆ జాబితా ఎవరి బల్ల మీద ఉంటుందో మీకు తెలుసునా? 1974 సమ్మెకాలంలో నాయకుల ఇళ్ళ మీద పోలీసులు దాడులు చేసి జనాన్ని వెదకవలసి వచ్చినది. ఇప్పుడు ఆ శ్రమ లేకుండా మనమే వేలుముద్ర వేసి జాబితా అందించడం విజ్ఞత అనిపించుకొనదు.

ప్రతి సభ్యుడు ఈ వారంలో ఒక అరగంట కేటాయించి తన ఫోనులోని అనుమతుల పట్టికను ఇంట్లో చదువుకున్న పిల్లల సహాయంతోనైనా చూడాలి. గుర్తుపట్టలేని పేరుకు ఎస్.ఎం.ఎస్., కాంటాక్ట్స్, మైకు అనుమతులు ఉంటే తీసివేయాలి. యాక్సెసిబిలిటీ అనే అనుమతి తెర మీద కనిపించేదంతా చదివే, మన బదులు మీటలు నొక్కే శక్తి గలది. చూపు, వినికిడి లోపాలున్నవారికి తోడ్పడే యాప్‌లకు తప్ప దానిని ఎవరికీ ఇవ్వరాదు. ఆఫీసు యాప్‌కు లొకేషన్ తప్పదన్నచోట 'వాడుతున్నప్పుడు మాత్రమే' అని మార్చండి. మార్చినందువల్ల యాప్ పనిచేయకపోతే, తెర మీద వచ్చిన మాటలను ఫొటో తీసి ఉంచండి.

శాఖా కార్యదర్శులు తమ పరిధిలో నోటిమాట మీద గాని, వాట్సాప్ సందేశం మీద గాని వేయించిన యాప్‌ల వివరాలు – పట్టికలో కనిపించే పేరు, అడిగిన అనుమతులు, ఉత్తర్వు నంబరు ఉంటే నంబరు, లేకపోతే 'ఉత్తర్వు లేదు' అన్న మాట – తెల్ల కాగితం మీద వ్రాసి, వచ్చే కార్యవర్గ సమావేశంలోగా కేంద్ర కార్యాలయానికి పంపాలి. రైల్వేలో వీటిని పి.ఎన్.ఎం. సమావేశాల అజెండాలోను, తపాలాలో ద్వైమాసిక సమావేశాల అజెండాలోను పెట్టిస్తాము. సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు ఆ కాగితం మీద వ్రాయవద్దు.